మన పాత ఇళ్లు, వాటి గోడలు, ఎండ వేడిమి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని మాట్లాడమని అడిగినప్పుడు, బడిపంతులు గనుక చదువుల మీద మాట్లాడతాడని అనుకున్నారు. మేము ఇంటి గోడల మీద మాట్లాడతామన్నాము. ఆయన నవ్వి, "సరే మాస్టర్ సాబ్, గోడలకు చెవులుంటాయంటారు, జాగ్రత్తగా మాట్లాడండి" అన్నారు. జాగ్రత్తగానే మాట్లాడతాము. మేము ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పేవాళ్లము. మా తెలుగు చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే మన్నించాలని ముందే మనవి చేసుకుంటున్నాము.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నామంటే, మన సభ్యుల్లో చాలామంది చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ గల్లీల్లో తాతల నాటి, తండ్రుల నాటి ఇళ్లల్లో వుంటున్నారు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు, పెళ్లి ముందనో, అన్నదమ్ముల పంపకాలు అయ్యాకనో, ఇల్లు బాగు చేయిస్తున్నారు. వేసవి వేడి భరించలేక గోడలకు ఏదో ఒకటి తొడిగిస్తున్నారు. మేమూ తొడిగించాము. డబ్బు పోయింది. డబ్బుతో పోతే ఇక్కడ నిలబడి చెప్పేవాళ్లము కాము. మా అమ్మీజాన్ ఆరోగ్యం మీదికి వచ్చింది. ఆ కథ మీ ముందు పెడితే ఒక్క ఇంటికైనా పనికి వస్తుందని ఆశ.

మా ఇల్లు చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వెనుక గల్లీలో వున్నది. కింది భాగం మా దాదా కట్టించినది. రాయి, డంగు సున్నం. ఒకటిన్నర అడుగు మందం గోడలు. పైన ఇనుప గిర్డర్ల మీద రాతి బండలు పరిచిన కప్పు, కింద షాబాదు బండల నేల. మధ్యలో చిన్న సెహన్. పై భాగం మా అబ్బాజాన్ 1978లో వేయించారు. అవి సిమెంటు కంట్రోల్లో వున్న రోజులు. పర్మిట్ మీద వచ్చిన బస్తాలతోనే పని కానివ్వాలి. 1982లో గాని ఆ కట్టడి కొంత సడలలేదు. కనుక అబ్బాజాన్ పొదుపు చేశారు. పై గదికి నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, నాలుగు అంగుళాల స్లాబు. ఆ గది పొడుగాటి గోడ పడమటి వైపు వున్నది.

అంటే ఒకే ఇంట్లో రెండు రకాల గోడలు. ఈ ఒక్క సంగతి మాకు మొదట్లోనే బుర్రకెక్కి వుంటే ఇంత కథ జరిగేది కాదు.

అబ్బాజాన్ పోయిన తరువాత ఇల్లు ఏం చెయ్యాలన్న మాట వచ్చింది. జిద్దాలో వున్న మా భాయిజాన్ బిల్డరుకు ఇద్దామన్నారు. చెల్లెలు ఎటూ చెప్పలేదు. అమ్మీజాన్ మాత్రం, "నేను వున్నన్నాళ్లు ఈ గడప వుండనీయండి బేటా" అన్నారు. ఆ మాట మీద భాయిజాన్ ఊరుకున్నారు, పైగా కొంత డబ్బు పంపారు. మేము చిట్టీ పాడుకున్నాము. 2022లో పని మొదలుపెట్టాము.

ఒక ఇంటీరియర్ పని చేసే మనిషి వచ్చాడు. గదులన్నీ చూశాడు. అమ్మీజాన్ గదికి, దీవాన్‌ఖానాకు లోపలి నుంచి కర్ర పట్టీలు కొట్టి, మధ్యలో అంగుళం థర్మోకోల్ పెట్టి, పైన బోర్డు బిగిస్తే ఇల్లు కొండ మీద బంగళాలాగ చల్లగా వుంటుందన్నాడు. గోడ కింది భాగంలో సున్నం పెచ్చులు రాలుతున్న చోట సిమెంటు ప్లాస్టర్ చేస్తే గట్టిగా వుంటుందన్నాడు. మాకు నచ్చింది. అతిథులు కూర్చునే గది బాగుపడుతుందన్న ఆశ కూడా వున్నది, దాచటం ఎందుకు. పై గది ఎవరూ చూసేది కాదు గనుక దాన్ని వదిలేశాము.

అమ్మీజాన్ ఒక్క మాట అన్నారు. "వానాకాలంలో ఈ గోడ చెమరుస్తుంది బేటా. దీన్ని మూసెయ్యకండి." ఆ గదిలో ఆమె యాభై ఏళ్లుగా పడుకుంటున్నారు. మేము, "అదంతా పాత కాలం అమ్మీ" అని పని చేయించాము.

ఆ ఎండాకాలం బాగానే గడిచింది. వచ్చిన వాళ్లు బోర్డుల మీద చెయ్యి వేసి మెచ్చుకున్నారు. వానలు పట్టిన తరువాత గదిలో ఒక రకమైన వాసన మొదలైంది. అత్తరు చల్లాము, సాంబ్రాణి వేశాము. చలికాలానికి అమ్మీజాన్‌కు దగ్గు పట్టుకున్నది. రాత్రిళ్లు లేచి కూర్చునేవారు. డాక్టరుగారు మందులు రాసి, ఆఖరున, "పడుకునే గదిలో తేమ ఏమైనా వున్నదా?" అని అడిగారు. ఇంటికి వచ్చి ఒక బోర్డు ఊడదీసి చూశాము. వెనుక గోడంతా తడి. థర్మోకోల్ నల్లగా బూజు పట్టి వున్నది. కర్ర పట్టీలకు చెదలు. అమ్మీజాన్ తల పెట్టుకునే వైపే అన్నిటికన్నా ఎక్కువ. ఆ రాత్రి ఆమె మంచం సెహన్ పక్క వసారాలోకి మార్చాము. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని వుంటే బాగుండేది.

ఇక్కడ పంతులు కొంచెం పాఠం చెప్పాలి, ఓపిక పట్టండి.

వేడి ఎక్కువ వున్న చోటు నుంచి తక్కువ వున్న చోటికి పోతుంది. దాన్ని ఆపటం వేరు, ఆలస్యం చెయ్యటం వేరు. లోపల చిన్న చిన్న గాలి గదులున్న తేలిక వస్తువు వేడిని ఆపుతుంది. థర్మోకోల్, రాతి ఉన్ని, దూది ఈ జాతివి. రాయి, ఇటుక లాంటి బరువు వస్తువులు అంతగా ఆపవు. వేడిని తాగి దాచుకుని, నిదానంగా విడిచిపెడతాయి. ఒక అంగుళం థర్మోకోల్ ఎంత ఆపుతుందో అంత ఆపాలంటే సుమారు ఇరవై అంగుళాల ఇటుక గోడ కావాలి. నల్లరాయి అయితే దానికి మూడింతలు కావాలి. ఆ మనిషి ఈ లెక్క చూపించే మమ్మల్ని ఒప్పించాడు. లెక్క తప్పు కాదు. దాన్ని ఏ గోడకు వాడాలన్నదే తప్పింది.

మీ ఇంట్లో మీరే పరీక్ష చేసుకోవచ్చు. యంత్రం అక్కరలేదు, అరచెయ్యి చాలు. మే నెలలో ఒక రోజు మధ్యాహ్నం మూడింటికి పడమటి గోడను లోపలి వైపు నుంచి తాకి చూడండి. మళ్లీ రాత్రి ఎనిమిదింటికి, మళ్లీ ఫజ్ర్ వేళకు తాకండి. మా పై గది గోడ రాత్రి ఎనిమిదింటికి రొట్టెల పెనంలాగ వుండేది. సాయంత్రం దాకా పడిన ఎండ, నాలుగున్నర అంగుళాలు దాటుకుని, సరిగ్గా మనుషులు పడక వేసే వేళకు లోపలికి వచ్చేది. కింద రాతి గోడ అలా కాదు. ఒకటిన్నర అడుగు దాటటానికి వేడికి పది, పన్నెండు గంటలు పడుతుంది. దారిలోనే చాలా భాగం నీరసించిపోతుంది. మిగిలినది తెల్లవారుజాముకు లోపలికి చేరేసరికి బయట గాలి చల్లబడి వుంటుంది, కిటికీ తీస్తే పోతుంది. అంటే మా దాదా కట్టించిన గోడ ఎండ విషయంలో తన పని తాను చేసుకుంటూనే వున్నది. దానికి మేము లోపల థర్మోకోల్ తొడిగి, రాత్రి చల్లబడిన రాయి చలవ గదికి అందకుండా చేశాము.

రెండో సంగతి, సూర్యుడు నడిచే దారి. మన హైదరాబాదు సుమారు పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద వున్నది. కనుక మే రెండో వారం ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రోజుల్లో దక్షిణపు గోడ మీద ఎండ దాదాపు పడదు. ఎండంతా కప్పు మీద పడుతుంది. పొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ కొంత తింటాయి. పొద్దుటి ఎండ కన్న సాయంత్రపు ఎండ బాధ ఎక్కువ, ఎందుకంటే అప్పటికే గాలి కాగి వుంటుంది. కాబట్టి వరస ఇది: ముందు కప్పు, తరువాత నీడలేని పడమటి కిటికీ, ఆ తరువాత పడమటి గోడ. మిగతా గోడల మీద ఖర్చు పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

మూడోది తేమ. మమ్మల్ని ముంచింది ఇదే. సున్నపు గోడ నీళ్లు పీలుస్తుంది, మళ్లీ ఆవిరిగా విడిచిపెడుతుంది. వానాకాలం తాగినది ఎండలకు ఆరిపోతుంది. రెండు వైపులా గాలి తగులుతున్నంతవరకు దానికి ఏమీ కాదు. మరి ఇన్నేళ్లు లేని తేమ ఇప్పుడెక్కడిది అంటారేమో. మన గల్లీలు చూడండి. రోడ్డు మీద రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు వేశారు. మా గడపకు ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వచ్చేవాళ్లము. ఇప్పుడు ఒక మెట్టు దిగి వస్తున్నాము. పడిన వాన గోడ మొదట్లోనే నిలుస్తున్నది. అశోక్ నగర్, దోమలగూడ వైపు వాళ్లకు నీటి సంగతి మేము చెప్పనక్కరలేదు. 2000 ఆగస్టులో హుస్సేన్ సాగర్ మిగులు నీళ్ల నాలా పొంగి ఇళ్లల్లోకి వచ్చిన రోజు పెద్దలకు గుర్తే వుంటుంది.

అలాంటి గోడకు కింద సిమెంటు ప్లాస్టర్ చేస్తే ఏమవుతుంది? తేమ బయటికి రాలేక గోడలోనే పైపైకి ఎక్కుతుంది. సిమెంటు ఎక్కడ ఆగిందో అక్కడ చవుడు పూసి, పెచ్చులు ఊడుతుంది. లోపల బోర్డు కూడా బిగిస్తే ఇక దానికి ఊపిరి ఆడదు. ఇది మా ఒక్కరి అనుభవం కాదు. కుతుబ్ షాహీ గుంబదుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ సంస్థవారు చేసిన మరమ్మతుల్లో, ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును గోడల మీద నుంచి ఓపికగా గీకి తీసి, మళ్లీ సున్నమే పెట్టించారు. 1591 నాటి చార్మినార్ మీద మనం ముచ్చటగా చూసే పూల పనితనం కూడా సున్నంతో చేసినదే. అంతంత కట్టడాలకు అక్కరకు వచ్చిన సున్నం మన గల్లీ ఇంటికి పనికిరాకుండా పోయిందా!

మన ఇళ్లల్లో రంజాన్‌కు ముందు సున్నం వేయించే అలవాటు వుండేది. అది పండగ కళ కోసమనే మేము అనుకునేవాళ్లము. సున్నం బూజును చంపుతుంది, ఎండను తిప్పి కొడుతుంది, గోడను మూసెయ్యదు. ఏడాదికొకసారి వేయిస్తే గోడలో ఎక్కడ చెమ్మ వున్నదో, ఎక్కడ పగులు వున్నదో ఇంటివాళ్ల కంట పడుతుంది. ప్లాస్టిక్ పెయింట్లు వచ్చాక ఆ అలవాటు పోయింది. గోడను చూసుకునే అలవాటు కూడా దానితోనే పోయింది.

ఇక మేము ఎలా దిద్దుకున్నామో చెబుతాము.

కింద గదుల్లో బోర్డులు, థర్మోకోల్, సిమెంటు అంతా ఊడదీయించాము. వెంటనే మళ్లీ ఏదీ పూయలేదు. బయట గోడ వెంట గుంట తవ్వించి, కంకర నింపి, నీళ్లు డ్రైనేజీ వైపు పోయే వాలు పెట్టించాము. సెహన్ మూలలో కారుతున్న పాత పైపు మార్పించాము. తరువాత ఒక ఎండాకాలం మొత్తం గోడను అలాగే ఆరనిచ్చాము. చుట్టాలు వచ్చి, "ఏమిటి మాస్టారూ, ఇల్లు కూలుతున్నదా?" అని అడిగేవారు. సిగ్గుపడి తొందరపడితే మళ్లీ మొదటికే వచ్చేది. గోడ ఆరిన తరువాత సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీ ఒకాయనను వెతికి పట్టుకున్నాము. ఆయన సున్నాన్ని వారాల తరబడి నీళ్లలో నానబెట్టించి, ఇసుక, ఇటుక పొడి కలిపించి, కరక్కాయ నీళ్లు, బెల్లపు నీళ్లు పోయించి, పలచగా రెండు పూతలు వేశాడు. సున్నం గాలిని తాగి మెల్లిగా రాయి అవుతుంది, తొందరపెడితే పగులుతుంది. రోజూ తడపటం అమ్మీజాన్ దగ్గరుండి చేయించారు. కింద గోడలకు ఇంకేమీ తొడగలేదు.

పై గదికి మాత్రం తొడిగించాము. అయితే లోపలి నుంచి కాదు, బయటి నుంచి. ఇది గుర్తుపెట్టుకోవలసిన తేడా. వేడి ఆపే పొర బయట వుంటే ఎండ ఇటుకను తాకదు. ఇటుక గది వైపు వుండి, రాత్రి కిటికీలు తీసినప్పుడు చల్లబడి, ఆ చలువను పగలు ఇస్తుంది. గట్టిగా వుండి నీళ్లు పీల్చని పలకలు వస్తాయి, ఎక్స్.పి.ఎస్. పలకలంటారు. రెండు అంగుళాలవి తెచ్చి, జిగురుతో అతికించి, ప్లాస్టిక్ మేకులు కొట్టి, మీద ఫైబర్ జాలి పరిచి, ప్లాస్టర్ చేసి, తెల్ల రంగు వేశారు. కిటికీ అంచుల దగ్గర, పైన గోడ తల మీద వాన దిగకుండా కట్టుదిట్టం చెయ్యాలి. ఆ అంచుల్లో పిసినారితనం చేస్తే పని మొత్తం పాడవుతుంది.

ఒక చిక్కు వచ్చింది. పరంజా కట్టాలంటే పక్కింటివారి ఆవరణలో కట్టాలి. పైగా గోడ రెండున్నర అంగుళాలు బయటికి జరుగుతుంది. మన పాత బస్తీల్లో, గల్లీల్లో అంగుళం దగ్గర కోర్టుకు పోయినవాళ్లు వున్నారు. అమ్మీజాన్ మమ్మల్ని వెంటబెట్టుకుని పక్కింటి పంతులుగారి దగ్గరకు వెళ్లారు. ఇద్దరి ఇళ్ల మధ్య నలభై ఏళ్ల పరిచయం. ఆయన కొలతలన్నీ చూసి, పొర మా సన్‌షేడు అంచు దాటటం లేదని తెలుసుకుని, "కట్టుకోండమ్మా. మా తులసికోట మీద సిమెంటు పడకుండా చూడమనండి చాలు" అన్నారు. మా కూలీలు గోనెపట్టాలు కప్పి పని చేశారు. పని అయ్యాక ఆ తెల్ల గోడ వల్ల తమ వంటింట్లో కూడా వెలుగు పెరిగిందని వారి ఇంటావిడ చెప్పారు.

కప్పుకు ముందు పగుళ్లు పూడ్పించి, వాలు సరిచేయించి, తెల్ల పెంకు ముక్కలు పరిపించాము. అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు జల్లెడ పట్టిన సున్నంలో కొంచెం జిగురు కలిపి రెండు పూతలు వేసినా చాలా తేడా వుంటుంది. కొత్తగా వేసిన తెలుపు తన మీద పడిన ఎండలో మూడింట రెండు వంతులకు పైగా వెనక్కి పంపుతుంది. నల్లబడిన స్లాబు అందులో చాలా భాగం మింగుతుంది. కాని దుమ్ము పడితే ఆ గుణం తగ్గుతుంది, కనుక ఏటా కడగాలి, వెయ్యాలి.

ఫలితం ఏమిటంటారు? కొండ మీద బంగళా కాలేదు. మే నెల మే నెలే. కాని రాత్రి ఎనిమిదింటికి పై గది గోడ ఇప్పుడు చేతిని కాల్చదు. మా అమ్మాయి పరీక్షలకు చదివేది. ఇంట్లో కూర్చోలేక చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే పరుగెత్తేది. ఇప్పుడు సాయంత్రాలు పై గదిలోనే కూర్చుని చదువుతున్నది. మాకు అది చాలు.

అన్ని ఇళ్లకు ఇదే మందు అని చెప్పటం లేదు. నారాయణగూడలో మా ఖాలాజాన్ ఇల్లు వేరే రకం. తొమ్మిది అంగుళాల ఇటుక, సిమెంటు, పొడి గోడలు. వాళ్లు రాత్రి మాత్రమే ఏ.సి. వేసుకుంటారు. అలాంటి గదిలో లోపలి నుంచి పొర వేస్తే లాభమే, ఎందుకంటే ఏ.సి. ఆ బరువు గోడనంతా చల్లబరచవలసిన పని తప్పుతుంది. అయితే వాళ్లు పడమటి పెద్ద అద్దపు కిటికీకి పరదా కూడా లేకుండా గోడల సంగతి అడుగుతున్నారు. అద్దం మీద పడిన ఎండ నేరుగా గదిలోకి వచ్చి కూర్చుంటుంది. లోపలి పరదా కన్న బయటి నీడ మేలు. మన పెద్దలు వట్టివేళ్ల తడికెలు, వెదురు చిక్కులు బయటి వైపే కట్టేవారు. ముందు అది కట్టించండి అని చెప్పాము. స్లాబు సంగతి కూడా చెప్పాము. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇళ్ల కోసం ఎకో నివాస్ సంహిత అని ఒక నియమావళి తెచ్చింది. అందులో కప్పు గుండా, చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు 1.2 వాట్లకు మించి వేడి పోకూడదన్నారు. పొర లేని మన మామూలు స్లాబు దానికి రెండు మూడు రెట్లు పోనిస్తుంది. కొత్తగా పై అంతస్తు వేసేవాళ్లు ఈ లెక్క ఇంజనీరుగారిని అడగండి. కొత్త గోడ కట్టేటప్పుడే ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో గాలి ఖాళీ వదిలే పద్ధతి ఒకటున్నది. కేరళలో స్థిరపడిన లారీ బేకర్‌గారు దాన్ని మన దేశంలో బాగా ప్రచారం చేశారు. ఇటుకలు నాలుగో వంతు దాకా కలిసివస్తాయి, వేడీ తగ్గుతుంది.

అశోక్ నగర్ సంగతి ఇంకో రకం. అక్కడ కోచింగ్ కోసం ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు మేడల మీద రేకుల గదులు వేసి అద్దెకిస్తున్నాము. ప్లైవుడ్ అడ్డం పెట్టి ఒక గదిని మూడు చేస్తున్నాము. ఇస్తున్నాము అని ఎందుకన్నామంటే, మన సభ్యుల ఇళ్లు కూడా వాటిలో వున్నవి. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా పోతే, ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. రేకు కింద గోడకు ఎంత పొర వేసినా లాభం లేదు, కప్పే పొయ్యి. ఆ కప్పుకు తెలుపు వెయ్యాలి, కింద వేడి ఆపే సీలింగు పెట్టి, గాలి పోయే దారి వుంచాలి. 2017లో హైదరాబాదులోనే ఒక బస్తీలో 25 పేద ఇళ్ల మీద వేడిని తిప్పికొట్టే పొర పరిచి చూశారు. లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. 2023 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు అలా చెయ్యాలన్నది లక్ష్యం. అందులో 600 చదరపు గజాలు, ఆపైన వున్న ఇళ్ల స్థలాలకే అది తప్పనిసరి. మన ఇళ్లు ఎనభై, నూట ఇరవై గజాలవి. ఎవరూ వచ్చి చెప్పరు, మనమే చేసుకోవాలి.

ఒక హెచ్చరిక చేసి ముగిస్తాము. థర్మోకోల్ అంటుకుంటుంది, దాని పొగ చాలా చెడ్డది. 2017 జూన్ 14న లండన్లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల భవనానికి మరమ్మతుల్లో బయట తొడిగిన తొడుగే అంటుకుని 72 మంది పోయారు. 2025 మే 18న మన గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది పోయారు, అందులో పసిపిల్లలున్నారు. మన పాత ఇళ్లకు దారి ఒక్కటే, మెట్లు ఇరుకు. అందుకని గోడకు ఏది తొడిగినా, ముందు పాత కరెంటు వైర్లు మార్పించండి. వంటింటి దగ్గర, మెట్ల దగ్గర, లోపలి వైపు అంటుకునే సరుకు పెట్టకండి. అక్కడ రాతి ఉన్ని, జిప్సం బోర్డు లాంటివి మేలు. బయటి పలకల మీద కూడా ప్లాస్టర్ ఎక్కడా వదలకుండా కప్పించండి. మేము పై గది పని మొదలుపెట్టే ముందు ఇల్లంతా వైర్లు మార్పించాము.

సంఘానికి మూడు చిన్న మనవులు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా కొద్దిమందే మిగిలారు. వారి చిరునామాలు రాసి ఆఫీసులో పెట్టాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో, ఎండలు ముదరకముందు, మన యువకులు రెండు ఆదివారాలు కేటాయించి, ఒంటరిగా వుంటున్న వృద్ధుల, వితంతువుల ఇళ్ల కప్పులకు తెలుపు వెయ్యాలి. సున్నానికి అయ్యే ఖర్చులో మొదటి వంతు మా జీతం నుంచి ఇస్తాము. మూడోది, ఇల్లు బాగు చేయించదలచినవాళ్లు పని మొదలుపెట్టే ముందు, ఇప్పటికే చేయించినవారి ఇంటికి వెళ్లి, ఒక వానాకాలం గడిచిన గోడను చూసి రావాలి. కొత్త గోడ అందరికీ అందంగానే కనిపిస్తుంది.

ఆఖరి మాట. మేస్త్రీని, ఇంజనీరును, ఇంటీరియర్ మనిషిని తప్పకుండా అడగండి. వాళ్లకన్న ముందు ఆ గదిలో పడుకునేవాళ్లను, ఆ వంటింట్లో వండేవాళ్లను అడగండి. ఏ గోడ ఎప్పుడు కాగుతుందో, ఏ మూల ఎప్పుడు చెమరుస్తుందో వాళ్లకు తెలుసు. మా అమ్మీజాన్ ముందు వరుసలో కూర్చున్నారు. ఆమె దగ్గు తగ్గింది, తిరిగి తన గదిలోనే పడుకుంటున్నారు. 2022లో ఆమె అన్న మాట వినలేదు గనుక, ఇవాళ మీ అందరి ముందు ఆమెకు మా క్షమాపణ చెప్పుకుంటున్నాము. 

ఖుదా హాఫిజ్.